ఎక్కువ ట్రావెల్ ఉన్నంత మాత్రాన మంచి సైకిల్ అయిపోదు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో కొండదారుల సైకిళ్ల మీద వచ్చిన వ్యాసం చదివాను. మౌంటెన్ బైకింగ్‌కి ఒక తెలుగు పత్రిక అంత చోటు ఇవ్వడం నిజంగా సంతోషం. మా బృందంలో చాలామంది ఆ పేజీని ఫోన్లో ఒకరికొకరు పంపుకున్నారు కూడా. కానీ అందులో రెండు మాటలు చదివాక ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. అన్నిటికీ పనికొచ్చే ఒకే సైకిల్ కావాలంటే ఎంత ఎక్కువ ట్రావెల్, అంటే సస్పెన్షన్ మీద చక్రం కదిలే మేర, ఉన్నది తీసుకుంటే అంత మంచిదని మీ వ్యాసం చెప్పింది. దాని కిందే ఒక పట్టిక వేసి, ముందూ వెనకా షాక్‌లుండే, లక్షల ఖరీదు చేసే అసలైన ఫుల్ సస్పెన్షన్ సైకిళ్లనూ, వాటిలాగే కనిపించే పద్దెనిమిది వేల చవక డబుల్ షాకర్‌నూ పక్కపక్కన పెట్టి, మీ బడ్జెట్‌కి ఏది సరిపోతే అది కొనుక్కోండి అంది. ఈ రెండు సలహాలూ తప్పే.

ముందు డబుల్ షాకర్ సంగతి చెప్తాను, ఎందుకంటే దానివల్ల నష్టపోయేది పిల్లలూ వాళ్ల అమ్మానాన్నలూ. పదో తరగతిలో మంచి మార్కులొస్తే గేర్ సైకిల్ కొనిస్తామని మాటిస్తారు, తీరా షాపుకి వెళ్తే సీటు కింద ఎర్ర స్ప్రింగ్ ఉన్న సైకిల్ మెరుస్తూ కనిపిస్తుంది, ఇక పిల్లాడు వేరేది చూడడు. ఆ ఎర్ర స్ప్రింగ్ వట్టి స్ప్రింగే. అసలైన షాక్‌లో స్ప్రింగ్‌తో పాటు డ్యాంపర్ అని ఒకటి ఉంటుంది, దాని లోపల ఆయిల్ సన్నటి దారుల్లోంచి పోతూ కదలికను నెమ్మది చేస్తుంది, అది లేకపోతే గుంతలో దిగినప్పుడు స్ప్రింగ్ ఎంత నొక్కుకుందో అంత బలాన్నీ తిరిగి మన మీదకే తోస్తుంది, రాయి మీంచి దిగుతున్నప్పుడు వెనక చక్రం పైకి లేచి మనిషి హ్యాండిల్ మీదుగా ముందుకు పడే ప్రమాదం అక్కడే వస్తుంది. చదును రోడ్డు మీద కూడా పెడల్ తొక్కిన ప్రతిసారీ సైకిల్ కిందకీ పైకీ ఊగుతుంది కాబట్టి తొక్కిన సత్తువలో కొంత ఆ ఊగడానికే పోతుంది. ఇనుప ఫ్రేమ్ కావడంతో బరువు కూడా ఎక్కువ. జాయింట్లలో బేరింగులకు బదులు చవక బుష్‌లు వేస్తారు, అవి అరిగాక వెనక చక్రం అటూ ఇటూ ఆడుతూ ఉంటుంది, దానికి సరిపడే విడిభాగం ఏ షాపులోనూ దొరకదు.

ఆ డబ్బుకి ఫుల్ సస్పెన్షన్ రాదు. పాఠకులకు ఈ మాట మొహమాటం లేకుండా చెప్పాలి. ఇరవై వేల లోపల కొనాలనుకునేవాళ్లు వెనక షాక్ లేని హార్డ్‌టెయిల్ తీసుకోవాలి, లేదా ముందు కూడా సస్పెన్షన్ లేకుండా వెడల్పాటి మంచి టైర్లూ పనిచేసే డిస్క్ బ్రేకులూ ఉన్నది తీసుకోవాలి. అలాంటి సైకిల్ మీద స్కూలుకీ పోవచ్చు, సెలవు రోజు చెరువు గట్టు మీదా తిరగొచ్చు, కాలేజీకి వచ్చేదాకా నిలుస్తుంది.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. ట్రైల్ బైక్ అంటే ఎక్కడానికీ దిగడానికీ రెంటికీ పనికొచ్చేలా చేసిన సైకిల్. లిఫ్ట్‌లో కొండపైకి వెళ్లి దిగడం మాత్రమే చేసేవాళ్లకి వేరే సైకిళ్లున్నాయి, రేసులో గడియారంతో పోటీపడి ఎక్కేవాళ్లకి వేరే ఉన్నాయి. ఈ ఆట మొదలైనప్పుడు ఇవేవీ లేవు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం మారిన్ కౌంటీలో కొంతమంది కుర్రాళ్లు పాత లావు టైర్ల సైకిళ్లను కొండపైకి మోసుకెళ్లి కిందకి పోటీగా దిగేవాళ్లు. 1976లో మొదలైన ఆ పోటీకి రీప్యాక్ అని పేరొచ్చింది, ఎందుకంటే ఒక్కసారి దిగేసరికి వెనక హబ్‌లో ఉన్న బ్రేకు వేడెక్కి గ్రీజంతా పొగై పోయేది, మళ్లీ గ్రీజు నింపితే గానీ ఇంకోసారి దిగడం కుదిరేది కాదు. తర్వాత 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ స్టంప్‌జంపర్ పేరుతో మౌంటెన్ బైక్‌ని పెద్దఎత్తున తయారుచేసి అమ్మింది, 1989లో రాక్‌షాక్స్ వాళ్ల మొదటి సస్పెన్షన్ ఫోర్క్, అంటే ముందు చక్రాన్ని పట్టుకునే షాక్ కాళ్లు, వచ్చింది, 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో మౌంటెన్ బైక్ క్రాస్ కంట్రీ పోటీ పెట్టారు.

వెనక సస్పెన్షన్ మాత్రం ఏళ్ల తరబడి సతాయించింది. గొలుసు లాగినప్పుడల్లా వెనక భాగం కుంగేది, బ్రేకు పట్టినప్పుడు బిగుసుకునేది. హోర్స్ట్ లైట్నర్ అనే ఆయన, మోటోక్రాస్ నుంచి వచ్చినవాడు, వెనక ఇరుసుకి కాస్త ముందు కింది గొట్టం మీద ఒక జాయింట్ పెట్టి బ్రేకు ప్రభావాన్ని సస్పెన్షన్ నుంచి చాలావరకు విడదీశాడు. ఇవాళ్టికీ చాలా సైకిళ్లలో ఉన్న నాలుగు కడ్డీల అమరిక అదే. శాంటా క్రూజ్ వాళ్ల వీపీపీ, జెయింట్ వాళ్ల మేస్ట్రో, డేవ్ వీగిల్ చేసిన డీడబ్ల్యూ లింక్, ట్రెక్ వాళ్ల ఏబీపీ, ఇవన్నీ అదే సమస్యకి వేర్వేరు పరిష్కారాలు. కొనేవాళ్లు వీటి పేర్ల గురించి టెన్షన్ పడాల్సిన పనే లేదు. పేరున్న కంపెనీ ఇప్పుడు చేస్తున్న ఏ ట్రైల్ బైక్ అయినా కూర్చుని తొక్కితే బాగానే ఎక్కుతుంది. షాపుల్లో అరగంట ఈ కడ్డీల అమరిక గురించి మాట్లాడి ఫ్రేమ్ సైజు గురించి రెండు నిమిషాలు కూడా మాట్లాడరు, నా కోపమంతా అక్కడే.

ట్రావెల్ అంటే చక్రం ఎంత మేరకు పైకి కదలగలదో ఆ కొలత. రేసు సైకిళ్లలో 100 నుంచి 120 మిల్లీమీటర్లు, ట్రైల్ బైకుల్లో సుమారు 120 నుంచి 150, ఎండ్యూరో అనే రకంలో 160, 170, పూర్తిగా దిగడానికే చేసిన డౌన్‌హిల్ సైకిళ్లలో 200 ఉంటుంది. మీ వ్యాసం 170 ఉన్నదాన్ని అన్నిటికీ పనికొచ్చేదని మెచ్చుకుంది. అలాంటి సైకిల్ నిటారుగా ఉన్న రాళ్ల దారిలో వేగంగా దిగుతున్నప్పుడు చాలా బాగుంటుంది, కానీ అంతకంటే తక్కువ వాలులో, మలుపులు దగ్గరదగ్గరగా ఉండే దారిలో, మన ఊళ్ల చుట్టూ ఉండే మొరం బాటల్లో బద్ధకంగా, బరువుగా అనిపిస్తుంది, తొక్కేవాడికి కింద నేల ఏం చెప్తోందో తెలియదు. ఎక్కేటప్పుడు మోయాల్సిన బరువు ఎలాగూ ఉంది. అంత ట్రావెల్‌ని పూర్తిగా వాడే దారి మన రెండు రాష్ట్రాల్లో మామూలు మనిషికి ఎక్కడుంది?

ఒకే సైకిల్ కొనేవాళ్లకి నా లెక్క వెనక 130 నుంచి 145, ముందు 140 నుంచి 150. ట్రెక్ ఫ్యూయెల్ ఈఎక్స్ ఆరో తరంలో వెనక 140, ముందు 150 ఉంది, స్టంప్‌జంపర్ 15లో 145, 150. ఇలాంటివి అరకు కాఫీ తోటల పక్క దారిలోనూ తొక్కొచ్చు, నీలగిరుల్లో వేర్లూ రాళ్లూ ఉన్న దారిలోనూ దింపొచ్చు, హిమాచల్‌కి తీసుకెళ్లినా వెనకాడక్కర్లేదు. ఎక్కువగా దూరాలు తొక్కే అలవాటు ఉండి, గంతులేసే ఉద్దేశం లేనివాళ్లకి శాంటా క్రూజ్ టాల్‌బాయ్ లాగా వెనక 120, ముందు 130 ఉన్నవి ఇంకా హాయిగా ఉంటాయి. నిజానికి హైదరాబాద్ చుట్టుపక్కల మాత్రమే తిరిగేవాళ్లకి 120 చాలని నా గట్టి అభిప్రాయం, దాన్ని ఒప్పుకోని మిత్రులు నాకు చాలామందే ఉన్నారు. మన దక్కన్ నేల తీరే వేరు. గట్టి గ్రానైట్ బండ, దాని మీద పలచగా జారే గరుకు ఇసుక, మధ్యలో గుండ్లు. అనంతగిరిలో అయినా నర్సాపూర్ వైపు అయినా ప్రమాదం ఎక్కువగా ఆ ఇసుకలో టైరు జారడం వల్లే వస్తుంది, పెద్ద ఎత్తు నుంచి పడటం అరుదు. ఇసుకలో పట్టు నిలబెట్టేది టైరు, ఫ్రేమ్ జామెట్రీ (దాని కోణాలూ కొలతలూ), తొక్కేవాడి నడుం కదలిక. ఇంకో 30 మిల్లీమీటర్ల ట్రావెల్ దానికి ఏమీ చేయలేదు.

ఇక్కడే ఇంకో సంగతి. చాలామందికి అసలు వెనక సస్పెన్షనే అవసరం లేదు. మంచి హార్డ్‌టెయిల్ సగం ధరకే వస్తుంది, కడగడం సులువు, బేరింగుల గొడవ ఉండదు. నడుం నొప్పి ఉన్నవాళ్లు, గంటల తరబడి రాళ్ల దారిలో తిరిగేవాళ్లు, ఘాట్లలో పొడుగ్గా దిగేవాళ్లు, వీళ్లకి ఫుల్ సస్పెన్షన్ మీద పెట్టే ప్రతి రూపాయీ సార్థకమే. పొద్దున్నే గండిపేట దాకా వెళ్లి టీ తాగి వచ్చేవాళ్లకి అది దండగ ఖర్చు, షాపువాళ్లు ఆ మాట చెప్పరు కాబట్టి పత్రికలైనా చెప్పాలి.

సైజు గురించి మీ వ్యాసంలో ఒక్క వాక్యం ఉంది, ఎత్తుని బట్టి స్మాల్, మీడియం, లార్జ్ అని. అది చాలదండి. ఇప్పటి సైకిళ్లలో చూడాల్సిన కొలత రీచ్, అంటే పెడళ్ల మధ్య ఇరుసు మీంచి నిలువుగా గీత గీస్తే అక్కడి నుంచి హ్యాండిల్ కింద ఉన్న గొట్టం పైభాగం దాకా అడ్డంగా ఉండే దూరం. లేచి నిలబడి దిగుతున్నప్పుడు మనకు ఎంత చోటు ఉంటుందో చెప్పేది అదే. మీడియం అని రాసి ఉన్నా ఒక కంపెనీలో 440 మిల్లీమీటర్లు ఉంటుంది, ఇంకో కంపెనీలో 460 ఉంటుంది, కాబట్టి అక్షరం చూసి కొనకూడదు. ఇంకోటి సీటు గొట్టం కోణం. పాత సైకిళ్లలో అది 73, 74 డిగ్రీలు ఉండేది, ఇప్పుడు 76, 77 దాకా నిలువుగా చేస్తున్నారు, దాంతో ఎక్కేటప్పుడు మన బరువు పెడళ్ల మీదకి వస్తుంది, ముందు చక్రం లేవదు. ముందు గొట్టం కోణం 70 దగ్గర్నుంచి 65 దాకా వాలింది, అది దిగేటప్పుడు ధైర్యాన్నిస్తుంది. ట్రైల్ బైక్‌కి 65, 66 మధ్య ఉంటే మన దారులకి సరిగ్గా సరిపోతుంది. 63 డిగ్రీలున్నవాటిని ఎండ్యూరో వాళ్లకి వదిలేయండి, నెమ్మదిగా వెళ్లేటప్పుడు వాటి హ్యాండిల్ పక్కకి ఒరిగిపోతూ ఉంటుంది. ఫ్యూయెల్ ఈఎక్స్‌లోనూ స్టంప్‌జంపర్‌లోనూ ఈ కోణాన్ని కొంత మార్చుకునే ఏర్పాటు ఉంది, ఒకే సైకిల్‌తో అన్నీ చేయాలనుకునేవాళ్లకి ఆ ఏర్పాటు నిజంగా పనికొస్తుంది.

మనలో చాలామంది ఎత్తు అయిదడుగుల నాలుగంగుళాల నుంచి ఎనిమిదంగుళాల మధ్యే, ఆడవాళ్లలో ఇంకా తక్కువ. ఈ సైకిళ్లు ఎక్కువగా యూరప్, అమెరికా మనుషుల్ని దృష్టిలో పెట్టుకుని తయారవుతాయి, పైగా మన షాపుల్లో లార్జ్ మిగిలిపోతే దానిమీద తగ్గింపు ఇచ్చి "కాస్త పెద్దదైతే ఏం, అలవాటవుతుంది" అంటారు. అలవాటవదు. రెండు సైజుల మధ్య పడేవాళ్లు మలుపుల దారుల్లో తిరిగితే చిన్నది తీసుకోవాలి, పొడవాటి వేగమైన దారులైతే పెద్దది. పొట్టివాళ్లు దిగేటప్పుడు వెనక్కి జరిగితే 29 అంగుళాల వెనక చక్రం ఒంటికి తగులుతుంది, అందుకే కొన్ని కంపెనీలు చిన్న సైజుల్లో 27.5 చక్రాలిస్తాయి, కొన్ని ముందు 29, వెనక 27.5 పెడతాయి. అయిదడుగుల మూడంగుళాలున్న మా చెల్లెలు అలాంటి చిన్న సైకిల్ మీద మా అందరికంటే ముందు దిగుతుంది.

సస్పెన్షన్‌ని మన బరువుకి సరిచేసుకోవడం అన్నిటికంటే ముఖ్యం, దానికి ఒక్క రూపాయి కూడా అదనంగా పెట్టక్కర్లేదు. మనం రైడ్‌కి వేసుకునే బట్టలు, హెల్మెట్, నీళ్ల సంచితో సహా ఎక్కి కూర్చుంటే షాక్ కొంత కుంగుతుంది, దాన్ని శాగ్ అంటారు. వెనక 25 నుంచి 30 శాతం ఉండాలి. షాక్ కడ్డీ మొత్తం కదలిక 55 మిల్లీమీటర్లు అనుకోండి, దానిమీద ఉండే రబ్బరు రింగుని షాక్ గొట్టం అంచు దాకా జరిపి, నెమ్మదిగా ఎక్కి కూర్చుని, కదలకుండా దిగితే ఆ రింగు 14 నుంచి 16 మిల్లీమీటర్ల దగ్గర ఆగాలి. ఇంకా తక్కువైతే గాలి కొంచెం వదలాలి, ఎక్కువైతే కొట్టాలి. దీనికి షాక్ పంపు అని చిన్న పంపు కావాలి, మామూలు సైకిల్ పంపు పనికిరాదు. తర్వాత రీబౌండ్ అనే ఎర్ర పిడి, నొక్కుకున్న షాక్ ఎంత వేగంగా తిరిగొస్తుందో అది నిర్ణయిస్తుంది. ఫుట్‌పాత్ అంచు మీంచి కూర్చునే దిగి చూడండి, ఒక్కసారి లేచి ఆగిపోతే సరిగ్గా ఉన్నట్టు, మళ్లీ మళ్లీ ఊగితే దాన్ని కొంచెం నెమ్మది చేయాలి. యాభై అయిదు కిలోల మనిషి ఎనభై కిలోలకి కొట్టిన గాలితోనే నెలల తరబడి తొక్కి "ఫుల్ సస్పెన్షన్ అంటే ఇంతేనా, గట్టిగానే ఉంది కదా" అనడం నేను విన్నాను. సైకిల్ అప్పగించేటప్పుడే షాపువాళ్లు ఇది చేసి చూపించాలి. చేయకపోతే డబ్బు కట్టే ముందే అడగండి, అది మీ హక్కు.

భాగాల విషయంలో నా వరుస ఇది: టైర్లు, బ్రేకులు, డ్రాపర్ సీటు, ఆ తర్వాత ఫోర్క్, అన్నిటికంటే చివర గేర్లు. అమ్మేవాళ్లు గేర్ల పేరు చెప్పే అమ్ముతారు, వైర్లు లేని ఎలక్ట్రానిక్ గేర్లనగానే మన కుర్రాళ్ల కళ్లు మెరుస్తాయి, కానీ షిమానో డియోర్ పన్నెండు గేర్ల సెట్, 10 నుంచి 51 పళ్ల క్యాసెట్ (వెనక పళ్ల చక్రాల గుత్తి)తో, ఏ కొండకైనా చాలు, పాడైతే విడిభాగం కూడా అందుబాటు ధరలో వస్తుంది. మిగిలిన డబ్బు నాలుగు పిస్టన్ల బ్రేకుల మీద పెట్టండి, ముందు రోటర్ (బ్రేకు పట్టే డిస్కు) 180 మిల్లీమీటర్లకి తక్కువ కాకుండా చూడండి, డెబ్బయి అయిదు కిలోలు దాటినవాళ్లు 200 పెట్టించుకోండి. డ్రాపర్ అంటే మీట నొక్కితే సీటు కిందకి దిగిపోయే ఏర్పాటు, దిగేటప్పుడు మన నడుం వెనక్కీ కిందకీ జరగడానికి అడ్డుండదు. మూడు లక్షల సైకిల్‌కి డ్రాపర్ లేకుండా అమ్ముతుంటే అది ట్రైల్ బైక్ అనడానికి నేను ఒప్పుకోను.

టైర్ల దగ్గర మన నేలకి ప్రత్యేకమైన శత్రువు ఒకటుంది, పల్లేరు కాయ. దానికి తోడు తుమ్మ ముళ్లు, రేగు ముళ్లు. ట్యూబుతో వెళ్తే పంచర్లు వేసుకోవడమే సరిపోతుంది. ట్యూబ్‌లెస్ చేయించి లోపల సీలెంట్ పోస్తే పల్లేరు ముల్లు గుచ్చుకున్నా ఆ ద్రవం రంధ్రంలో గడ్డకట్టి గాలి ఆపేస్తుంది. మన ఎండలకి అది త్వరగా ఎండిపోతుంది, రెండు మూడు నెలలకోసారి మళ్లీ పోయాలి, వేసవిలో ఇంకా ముందే. వెడల్పు 2.4 అంగుళాలు, పక్కలు గట్టిగా ఉన్న రకం. డెబ్బయి కిలోల మనిషికి ముందు 22, వెనక 25 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టి తనకి నచ్చినట్టు మార్చుకోవచ్చు. పెట్రోల్ బంకులో నలభై కొట్టించుకుని ఇసుక దారిలో జారిపడి, సైకిల్ బాగాలేదని తిట్టేవాళ్లని చూస్తే బాధేస్తుంది.

కార్బన్ ఫ్రేమా, అల్యూమినియమా అని చాలామంది అడుగుతారు. ఒకే సైకిల్, ఎక్కువ ఏళ్లు వాడాలి, బండలున్న నేల, దగ్గర్లో కార్బన్ మరమ్మతు చేసేవాళ్లు లేరు అన్నప్పుడు అల్యూమినియం తీసుకోండి. దాని బరువు సుమారు 15 కిలోలుంటుంది, పరవాలేదు.

సర్వీసు సంగతి మీ వ్యాసం అసలు ఎత్తలేదు. రాక్‌షాక్స్ వాళ్లు ఫోర్క్ కింది కాళ్లు విప్పి ఆయిల్ మార్చే పనిని 50 గంటల వాడకానికి ఒకసారి చేయమంటారు, ఇంకో ఫోర్క్ కంపెనీ ఫాక్స్ వాళ్లు 125 గంటలకి లేదా ఏడాదికొకసారి సర్వీసు చేయించమంటారు. వారానికి రెండు మూడు గంటలు తొక్కేవాళ్లకి యాభై గంటలు నాలుగు నుంచి ఆరు నెలల్లో అయిపోతాయి. దుమ్ములో తిరిగితే షాక్ కడ్డీ మీద గీతలు పడతాయి, వానాకాలం ఎర్రమట్టి బేరింగుల్లోకి చేరి ఎండాక కిర్రుమంటుంది. బైక్ వాష్‌లో ప్రెషర్ నీళ్లతో కొట్టించడం ఆ బేరింగులకి ప్రాణాంతకం, బకెట్ నీళ్లూ పాత గుడ్డా చాలు. మీ ఊళ్లో ఫోర్క్ విప్పగల మెకానిక్ ఎవరు, ఫోర్క్‌లో అరిగిపోయే రబ్బరు సీళ్ల కిట్ తెప్పించడానికి ఎన్ని రోజులు పడుతుంది, వెనక గేరుని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే హ్యాంగర్ వంగితే స్పేర్ ఉందా, కొనే ముందు షాపులో ఈ మూడూ అడగాలి. సర్వీసుకి ఇచ్చిన మా పక్కింటి తమ్ముడి సైకిల్ సీల్ కోసం వర్షాకాలమంతా షాపు గోడకి ఆని ఉండిపోయింది, ఆ పిల్లాడి మొహం చూడలేకపోయేవాళ్లం. ఇప్పుడొస్తున్న చాలా ఫ్రేముల్లో యూడీహెచ్ అనే ఒకే రకం హ్యాంగర్ పెడుతున్నారు, అది ఉన్న ఫ్రేమ్ తీసుకుంటే కనీసం ఆ ఒక్క భాగం కోసం వెతుక్కునే బాధ తప్పుతుంది.

ఖర్చు గురించి ఒక్క మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. ఆ మిగిలిన డబ్బుతో పై మోడల్‌కి ఎగబాకకుండా షాక్ పంపు, మంచి హెల్మెట్, మోకాలి ప్యాడ్లు, ఒక సీల్ కిట్ కొని పెట్టుకోండి. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు ముందుగా ఫోర్క్ నొక్కి కడ్డీ మీద గోరుతో రాసి చూడాలి, గోరుకి గీత తగిలితే ధర ఎంత తగ్గించినా వద్దు. తర్వాత సీటు పట్టుకుని మెల్లగా పైకి లేపితే వెనక ఎక్కడైనా టక్కుమంటే అది బేరింగో షాక్ బుష్షో తెలుసుకోవాలి, వెల్డింగుల దగ్గర పగుళ్లు చూడాలి.

బయట దేశాల్లో ఉన్న మనవాళ్లకి ఈ ఎంపిక సులువు, తొక్కి చూసి కొనే వీలుంది. సియాటెల్ దగ్గర ఇసాక్వాలో డ్యూథీ హిల్ అని సైకిళ్ల కోసమే చేసిన పార్కు ఉంది, అక్కడ ఉద్యోగాలు చేసుకునే తెలుగువాళ్లు అలాంటి చోట అద్దె సైకిల్ మీద ఒక రోజంతా తిరిగి, రెండు సైజులూ చూసి అప్పుడు కొనుక్కోవచ్చు. మన దగ్గర షాపు ముందు వీధిలో ఒక చుట్టు తిరగనిస్తే గొప్ప. షాపులు నెలకో ఆదివారం ఒక డెమో సైకిల్‌ని ఊరి బయట దారికి తీసుకొస్తే, అద్దె తీసుకున్నా సరే, జనం వస్తారు. 2023లో తిరువనంతపురం దగ్గర పొన్ముడిలో ఆసియా మౌంటెన్ బైక్ చాంపియన్‌షిప్ జరిగింది, దేశంలో ఈ ఆటకి చోటు లేదని ఇక ఎవరూ అనలేరు.

దారుల గురించి కూడా మీరు రాయాలి. వ్యాసంలో నల్లమల ఫొటో వేసి "వారాంతం ఇక్కడికి వెళ్లండి" అన్నారు. అమ్రాబాద్ గానీ శ్రీశైలం వైపు గానీ అది పులుల అభయారణ్యం, అటవీ శాఖ అనుమతి లేకుండా లోపలికి సైకిల్ తోలడం నేరం, ప్రమాదం కూడా. ఈ ఆట పుట్టిన మారిన్‌లోనే టామల్‌పైస్ కొండ మీది సన్నటి బాటలు చాలావరకు నేటికీ సైకిళ్లకి మూసే ఉన్నాయి. మనం ఇప్పట్నుంచే పద్ధతిగా లేకపోతే అనంతగిరిలో కూడా అదే జరుగుతుంది. నడిచేవాళ్లకీ మేకల మందలకీ ఆగి దారివ్వడం, వాన పడ్డ మర్నాడు మెత్తటి నేల మీద చాళ్లు పడేలా తొక్కకపోవడం, అటవీ సిబ్బందిని ముందుగా అడగడం, వీటిని కూడా సైకిల్ కొనేవాళ్లకి చెప్పాల్సిందే.

మీకు నా మనవి ఏమిటంటే, వచ్చే అనుబంధంలో ఆ పట్టికని సరిదిద్ది మళ్లీ వేయండి. డబుల్ షాకర్లను అందులోంచి తీసేయండి. మిగిలిన సైకిళ్లకి ధర, ట్రావెల్ పక్కన ప్రతి సైజులో రీచ్ ఎంత, అల్యూమినియం మోడల్ బరువెంత, హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ విశాఖలోనూ దాని ఫోర్క్‌కి సర్వీసు చేసేవాళ్లున్నారా లేదా అన్నది కంపెనీలను అడిగి వేయండి. జవాబివ్వని కంపెనీ గడిని ఖాళీగా ఉంచండి, చదివేవాళ్లకి అది కూడా సమాచారమే. ఆ పనికి మనుషులు కావాలంటే మా బృందం నుంచి నలుగురం వస్తాం, కొలత టేపులు మావే.

ఇట్లు,
మీ పాఠకుడు,
శేరిలింగంపల్లి